మౌలాబీ గళాసు

దానయ్య దబ్బనంలో పురికొస ఎక్కిస్తుంటే ఎలీసమ్మ ఊపిరి బిగబట్టి చూసింది.

కొస నోట్లో పెట్టుకుని తడిపాడు. బొటనవేలితో చూపుడువేలితో నలిపి మొన తేల్చాడు. ఒక కన్ను మూసి, ఒక్క పోటులో బెజ్జంలోంచి అవతలికి లాగాడు. లాగి, నిండిన మిరప బోరా మూతి రెండు పెదవులూ దగ్గరికి చేర్చి కుట్టు మొదలుపెట్టాడు. వేళ్ళు వణకలేదు.

ముప్ఫై ఎనిమిది రోజుల కిందట ఆ చెయ్యి మంచినీళ్ళ చెంబు నోటిదాకా తీసుకుపోలేకపోయింది.

రత్తయ్యగారి కల్లం అది. నేల కనపడకుండా పరిచిన ఎర్రటి కాయ మీద మాఘమాసపు ఎండ కాస్తోంది. కాయల కుప్ప పక్కన పాతికమంది ఆడవాళ్ళు ముక్కులకి పైటలు కట్టుకుని తాలుకాయ ఏరుతున్నారు. తుమ్మేవాళ్ళు తుమ్ముతున్నారు, దగ్గేవాళ్ళు దగ్గుతున్నారు. ఎవరి చేతులు చూసినా కాలినట్టు ఎర్రగా ఉన్నాయి.

"ఏం ప్రార్థనక్కా, నీ కొడుకు దబ్బనం ఎక్కించాడు. బెల్లం ముక్కన్నా పంచవా?" అంది ఒకతె.

"ఆదివారం దాకా ఆగు. వాడు బల్ల దగ్గరికొచ్చాక పంచుతాలే" అంది ఎలీసమ్మ.

ఆమెకి కొడుకుల్లేరు. మిషను వాళ్ళిచ్చే కాస్త జీతం మీద ఇల్లిల్లూ తిరిగి ప్రార్థన చేయించడం ఆమె పని. అందుకని కొమ్మనపాడు మాలపల్లె అంతా ఆమెని ప్రార్థనక్క అంటుంది. తాగుబోతుల ఇళ్ళే ఆమె ఎక్కువ తిరిగింది. ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, దానికి ప్రదేశ్ అని తోకా వచ్చింది, మద్యనిషేధం చట్టంలో సారా లేనే లేదు. ఊళ్ళో మాత్రం ఏ పత్తిచేను గట్టున అడిగినా దొరుకుతుంది. ఇప్పటికి పదిమందిని పట్టుకుని మాన్పించింది ఎలీసమ్మ. పదిమందీ మళ్ళీ తాగారు. వాళ్ళలో ముగ్గుర్ని పాతిపెట్టేటప్పుడు పాట ఎత్తుకున్నదీ ఆమే.

దానయ్య పదకొండోవాడు. నిరుడు తాగొచ్చి పెళ్ళాం జయకుమారి ముంజెయ్యి విరగ్గొట్టాడని సంఘం అతన్ని రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల నుంచి ఆపింది. పుస్తకంలో పేరు కొట్టేసింది. ఆ చెయ్యి అతుక్కుంది గాని వంకరగా అతుక్కుంది. మొన్న సంక్రాంతి వెళ్ళాక దానయ్య తనంతట తానే వచ్చి ఎలీసమ్మ గడపలో కూలబడి, "అక్కా, నన్ను కట్టెయ్యి" అన్నాడు. ఆమె నిజంగానే కట్టేసింది. మూడు రోజులు తన వసారాలో గుంజకి కట్టి మజ్జిగ పోసింది. ఒంటి మీద చీమలు పాకుతున్నాయని అతను అరుస్తుంటే అరచేతులతో లేని చీమల్ని దులిపింది. నాలుగోరోజు విప్పింది. ఆ రోజు నుంచీ పొద్దున్నే అతనింటికి పోయి ప్రార్థన చేయడం, వెళ్ళేటప్పుడు "నిన్న?" అని అడగడం, అతను "లేదక్కా" అనడం.

ఈ ఆదివారం పాస్టరు అయ్యగారు వస్తాడు. దానయ్య సంఘం ముందు నిలబడి ఒప్పుకోలు చెప్తే పుస్తకంలో పేరు మళ్ళీ ఎక్కుతుంది. ఒక్కడు. పదకొండుమందిలో ఒక్కడు నిలిచినా తన కాళ్ళు అరిగినందుకు ఫలితం ఉందనుకుంటుంది.

దానయ్య కుట్టు పూర్తిచేసి, చివర ముడి పళ్ళతో బిగించి, బోరాని అరచేత్తో చరిచాడు. "కాయ తొక్కి నింపింది నేను, కుట్టింది నేను. గుంటూరు యార్డులో దించినా ఒక్క కాయ రాలదు" అన్నాడు ఎవరితోనూ కాకుండా.

శనివారం మధ్యాహ్నం దానయ్య ఎలీసమ్మ వసారాలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. ఆమె ముక్కు మీదికి కళ్ళద్దాలు జార్చుకుని, కాగితం పీట మీద పెట్టుకుని రాస్తోంది. ఒప్పుకోలు చెప్పేవాళ్ళకి ముందురోజు ఆమే రాసి, చదివి, బట్టీ పట్టిస్తుంది. మందిరంలో నిలబడ్డాక నోరు పెగలక ఏడ్చి కూర్చునేవాళ్ళే ఎక్కువ మరి.

"పెళ్ళాన్ని కొట్టింది రాశాను. కోడిపెట్టని అమ్ముకు తాగింది రాశాను. మీ అమ్మ మట్టిలోకి పోయిన రోజు తాగొచ్చింది రాశాను. ఇంకేమన్నా దాచావా?"

"లేదక్కా."

"చూడు దానయ్యా. పుండు మీద గుడ్డ కడితే పుండు పోదు. సగం చెప్పిన ఒప్పుకోలు అసలు చెప్పనిదానికంటే కీడు. ఇంకేమన్నా ఉందా?"

దానయ్య గోటితో నేల మీద గీత గీశాడు. దాని పక్కనే ఇంకో గీత గీశాడు.

"సాయంత్రం పూట..." అన్నాడు.

"ఊ?"

"కల్లం దిగాక తురకపాలెం మౌలాబీ దగ్గర ఒక గిద్దెడు సారా."

ఎలీసమ్మ కలం ఎత్తి పట్టుకుంది. "ఎప్పుడు?"

"రోజూ."

"రోజూనా?" ఆమె కళ్ళద్దాలు తీసేసింది. "నిన్న కూడానా? నిన్న పొద్దున్న మోకరించి నాతో లేదని చెప్పిన నోటితోనా?"

"తిట్టక్కా, తిట్టు. కానీ విను. ముందు సీసాకి సీసా పట్టించేవాణ్ణి. ఇప్పుడు గిద్దెడే. అదీ ఈమధ్య సరుకులో మంటే గాని మత్తు లేదు. అది గొంతులో పడితే చెయ్యి నిలబడుతుంది, అన్నం తింటాను, నిద్రపోతాను. మెల్లగా అదీ మానేద్దామనే..."

"మెల్లగానా!" ఎలీసమ్మ లేచి నిలబడింది. ఇన్నాళ్ళ పొద్దుటి ప్రార్థనలు గుర్తొచ్చాయి. తను కళ్ళు మూసుకుని దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకుంటుంటే ఎదురుగా ఇతను ఏం చూస్తూ కూర్చున్నాడో. కోపం కాదు, సిగ్గేసింది ఆమెకి. ఆ సిగ్గే కోపమై బయటికొచ్చింది. "ఇది కూడా చెప్తావు రేపు. పేరుతో సహా చెప్తావు."

"ఆమె పేరెందుకక్కా? సరుకు ఆమెది కాదుగా. సారా బట్టీ రత్తయ్యగారి పత్తిచేలో ఉందని నీకు తెలవదా? ఆమె ఆయన గేదెలకి పత్తిగింజలు రుబ్బి బతుకుతుంది. గంపలో గింజల కింద సీసాలు పెట్టమంటే పెట్టుకుంది, కాదంటే రోలు కూడా లాక్కుంటాడని."

ఎలీసమ్మకి తెలుసు. ఊరందరికీ తెలుసు. మందిరం కట్టిన స్థలం రత్తయ్యగారిచ్చిందే. పల్లెలో సగం మంది ఆయన కల్లంలో ఉన్నారు. ఆమె కాగితం వంక చూసి, "ఆయన గొడవ మనకెందుకు? ఆయన మన సంఘంవాడు కాదు" అంది.

"మౌలాబీ మన సంఘమా?"

ఎలీసమ్మ కూర్చుని కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుంది. అవసరానికి మించి గట్టిగా అంది: "నువ్వు తాగింది ఎవరి చేతి మీదుగా? అది చెప్పు చాలు."

మౌలాబీ పేరు రాసింది. ఆమె రాత గుండ్రంగా, ముత్యాల్లా ఉంటుంది.

తోమా అయ్యగారు చెడ్డవాడు కాదు. చెడ్డవాడయితే బాగుండేది, తిట్టుకోవడానికన్నా పనికొచ్చేవాడు. పన్నెండు మైళ్ళు సైకిలు తొక్కుకొచ్చి, కాళ్ళు కడుక్కుని, తెల్ల అంగీ తొడుక్కుని, దానయ్య ఒప్పుకోలంతా తల వంచుకుని విన్నాడు. దానయ్య తడబడకుండా చెప్పాడు. పెళ్ళాం చెయ్యి విరగ్గొట్టానన్నప్పుడు ఆడవాళ్ళ వైపు చాప మీద జయకుమారి వంకర చేతిని పైటలో దాచుకుంది. "ఇప్పటికీ రోజూ సాయంత్రం మౌలాబీ ఇంట్లో గిద్దెడు తాగుతున్నాను" అన్నప్పుడు మాత్రం ఆమె తల విసురుగా పైకెత్తింది. ఎలీసమ్మ కేసి చూసి కాదన్నట్టు తల ఊపింది. ఎలీసమ్మ అది మొగుడి కోసం పడే సిగ్గనుకుంది.

ముందు వరసలో సంఘ పెద్ద ప్రేమదాసు కూర్చున్నాడు. రత్తయ్యగారి కల్లానికి కూలీల్ని తోలుకుపోయే మేస్త్రీ కూడా అతనే. అతను కళ్ళు మూసుకుని వింటున్నాడు. మౌలాబీ పేరు వినపడగానే కళ్ళు తెరిచాడు.

"సత్యం చెప్పావు దానయ్యా, సంతోషం" అన్నాడు అయ్యగారు. "కానీ ఇంకా తాగుతున్నవాణ్ణి బల్లకు రానివ్వడానికి నాకు అధికారం లేదు. నేటి నుంచి మొదటి రోజుగా పెట్టుకో. నిలబడితే వచ్చే నెల చూద్దాం."

దానయ్య ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు. తలకి నూనె రాసుకొచ్చాడు. అయ్యగారి వంక, ఆయన వెనక బల్ల మీద తెల్లగుడ్డ కప్పిన రొట్టె వంక చూశాడు. తర్వాత ఎలీసమ్మ వంక చూశాడు. అంతా చెప్పేస్తే తేలికవుతుందని ఆమే అంది. అతను వెనక్కి నడిచి, బల్ల నుంచి ఆగిపోయినవాళ్ళు కూర్చునే చోట, గుమ్మం పక్కన చెప్పుల దగ్గర కూర్చున్నాడు. రొట్టె పళ్ళెం అతనిదాకా రాకుండానే వెనక్కి తిరిగింది.

మంగళవారం పొద్దెక్కాక జీపొచ్చింది. ప్రొహిబిషన్ వాళ్ళు నలుగురు. దారి అడగలేదు. పత్తిచేల వైపు కన్నెత్తి చూడలేదు. తిన్నగా తురకపాలెం చివర మౌలాబీ పాక ముందు ఆగారు.

ఎలీసమ్మ వెళ్ళేసరికి పత్తిగింజల గంప బోర్లా పడి ఉంది. గింజల్లో ఆరు సీసాలు దొరికాయి. పొయ్యి దగ్గరున్న కుండ మూత తీసి ఒక జవాను వాసన చూసి, "ఇదేందే? ఎర్రగా ఉంది" అన్నాడు.

"మిరపకాయ నీళ్ళయ్యా" అంది మౌలాబీ.

"ఎందుకు, స్నానానికా?" అని అతను నవ్వి, కుండని కాలితో పక్కకి తోశాడు. సగం ఒలికింది.

మౌలాబీకి నలభై ఏళ్ళుంటాయేమో. చేతులు మోచేతుల దాకా గింజల పిండితో తెల్లగా ఉన్నాయి. కడుక్కుంటానంటే కడుక్కోనివ్వలేదు. జీపెక్కేముందు గుంపులో ఎలీసమ్మని చూసింది. తిడుతుందనుకుంది ఎలీసమ్మ. తిడితే బాగుండుననుకుంది.

"వదినా, పొద్దున కోళ్ళకి గింజలు వెయ్యలేదు. కాస్త చూడు" అంది మౌలాబీ. "నల్లపెట్ట పొదుగుతోంది, దాన్ని లేపమాక."

జీపు వెళ్ళిపోయింది. ప్రేమదాసు కూడా గుంపులో ఉన్నాడు. "ఆసామి రత్తయ్యగారు నిన్ననే అన్నాడక్కా" అన్నాడు మెల్లగా. "మందిరంలో పేరు బయటపడ్డాక ఊరుకుంటే ప్రొహిబిషన్ వాళ్ళు వెతుక్కుంటూ చేలోకి వస్తారు, దీన్ని పట్టించేస్తే గొడవ పోతుంది అని." పీడ విరగడయినట్టు పై గుడ్డతో మొహం తుడుచుకుని కల్లానికి పోయాడు.

జనం పోయాక జయకుమారి మిగిలింది. పాక గోడకి ఆనుకుని కూర్చుని ఉంది.

"ఏమే, మీ ఆయన్ని తాగించేది పోయింది కదా, ఏడుపెందుకు?" అంది ఎలీసమ్మ. అన్నాక తన గొంతు తనకే నచ్చలేదు.

"తాగించిందా?" అంది జయకుమారి. "మూడు రోజులు కట్టేశావు చూడక్కా, నాలుగోరోజు ఇంటికొచ్చి పళ్ళు గిట్టకరుచుకుని పడిపోయాడు. చచ్చాడనే అనుకున్నా. ఈమె దగ్గరికి పరిగెత్తా. ఈమె మొగుడూ అట్టాగే ఒక్కరోజులో మానేసి, వణికి వణికి పోయాడంట. 'ఒక్కసారే లాగమాకు, నా దగ్గరికి పంపించు, నేను దించుతా' అంది. మొదట గిద్దెడు సరుకే పోసింది. తర్వాత ముప్పాతిక సరుకు, పాతిక నీళ్ళు. తర్వాత సగం సగం. నీళ్ళు పోసేకొద్దీ మంట తగ్గితే పసిగడతాడని ఎండుమిరపకాయలు నానేసిన నీళ్ళు పోసేది. ఇరవై రోజులైందక్కా, ఆయన తాగేది ఒట్టి మిరపకాయ నీళ్ళు. గళాసు అంచుకి మాత్రం వేలితో సారా పూసేది, వాసనకి."

ఎలీసమ్మ కుండ దగ్గర కూర్చుంది. అడుగున మిగిలిన నీళ్ళలో వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది. మంట పాకింది. ఇంకేమీ లేదు.

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వు ఎవరి దగ్గరా ఏదీ దాచవుగా."

జయకుమారే మళ్ళీ అంది: "ఆయనకి చెప్పమాకక్కా. ఈ నీళ్ళు నేను కలిపి పోస్తాను. చాటుగా తెచ్చానని చెప్తాను. నిజం చెప్తే మాత్రం మళ్ళీ సారాకే పోతాడు."

అప్పటికే ఎలీసమ్మ లేచింది. ఇంత మంచి కబురు దాచడమేమిటి? ఇరవై రోజులు! దానయ్య మానేశాడు! తనకే తెలియకుండా మానేసిన మనిషి తెలిస్తే ఎంత సంబరపడతాడు! ఎండలో కాళ్ళు కాలుతున్నా ఆగకుండా కల్లం దాకా నడిచింది.

దానయ్య బోరా మూతి కుడుతున్నాడు. జీపు సంగతి అతని చెవిన పడింది. మొహం పాలిపోయి ఉంది, చెమట పట్టి ఉంది. ఎలీసమ్మ పక్కన కూర్చుని అంతా చెప్పింది, గబగబా, నవ్వు మొహంతో. మిరపకాయ నీళ్ళ సంగతి, అంచుకి పూసిన సంగతి. "నువ్వు ఎప్పుడో మానేశావురా నాయనా!"

దానయ్య దబ్బనం బోరాలో గుచ్చి ఆగాడు.

"అంటే ఆదివారం నేను తాగలేదా?"

"లేదు."

"శనివారం?"

"లేదురా. ఇరవై రోజులు."

"మరి తాగనివాడితో తాగానని చెప్పించావేందక్కా? అంతమంది ముందు?"

ఎలీసమ్మ అతని భుజం మీద వెయ్యబోయిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఆమె నీళ్ళు పోసింది. నా పెళ్ళాం పొయ్యమంది. రోజూ గొంతు మండించుకుని, అమ్మయ్య, ఈపూట గడిచిందని మూతి తుడుచుకుని వచ్చా. పిచ్చోణ్ణి. ఆడాళ్ళిద్దరూ నవ్వుకునే ఉంటారు." అతను తన చేతులు ముందుకు చాపి చూసుకున్నాడు. "సత్యం చెప్పమన్నావు, చెప్పా. అదీ అబద్ధమేనంట. ఆమెని జీపెక్కించింది మాత్రం నిజం."

చూస్తుండగానే ఆ వేళ్ళు వణకడం మొదలుపెట్టాయి. ముందు చిటికెన వేలు, తర్వాత అన్నీ. దానయ్య దబ్బనాన్ని బోరాలోనే వదిలేసి లేచాడు. మూతి సగం కుట్టి ఉంది. తలగుడ్డ దులుపుకుని కల్లం దాటి, రత్తయ్యగారి పత్తిచేను గట్టు ఎక్కాడు. ఎలీసమ్మ రెండుసార్లు పిలిచింది. పట్టపగలు, అందరూ చూస్తుండగా, అతను మెల్లగా నడిచే వెళ్ళాడు.

బుధవారం, గురువారం దానయ్య కల్లానికి రాలేదు. జయకుమారి రెండో చెయ్యి కూడా పైటలో దాచుకు తిరిగింది.

ఎలీసమ్మ ప్రేమదాసు దగ్గరికి పోయి, ఠాణాకి వచ్చి ఆ కుండలో ఉన్నవి మిరపకాయ నీళ్ళని చెప్పమంది.

"చెప్తానక్కా. సీసాలెవరివి అంటారు. ఏం చెప్పమంటావు?" అన్నాడు ప్రేమదాసు. "ఆ పేరు నువ్వు చెప్తావా?"

ఆమె వెనక్కి తిరిగింది. నాలుగడుగులు వేసి ఆగింది. మళ్ళీ వచ్చింది.

"కాస్త సరుకు కావాలి" అంది.

ప్రేమదాసుకి అర్థం కాలేదు. "ఏం సరుకు?"

"తెలవనట్టు అడగమాక. వేలు తడిస్తే చాలు."

ప్రేమదాసు ఆమె వంక చాలాసేపు చూశాడు. నవ్వలేదు. దొడ్లోకి పోయి చిన్న సీసా తెచ్చి, గుడ్డలో చుట్టి ఇచ్చాడు. "అయ్యగారితో అననులే" అన్నాడు. ఇక ప్రేమదాసు ముందు ఎలీసమ్మ తలెత్తుకుని తిరగడం కుదరదు. అది ఇద్దరికీ తెలిసింది.

ఎండుమిరపకాయలు గుప్పెడు తుంచి నానబెట్టింది. నీళ్ళు ఎర్రగా దిగాక గుడ్డలో వడకట్టింది. ముప్ఫై ఏళ్ళు ఇల్లిల్లూ తిరిగి సారా ముట్టొద్దని చెప్పిన చెయ్యి సీసా మూత తీసింది. వాసనకి మొహం పక్కకి తిప్పుకుంది. వేలు తడుపుకుని గళాసు అంచు చుట్టూ ఒక్కసారి రాసింది.

శుక్రవారం సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే, పైట కింద గళాసు పెట్టుకుని దానయ్య ఇంటికి వెళ్ళింది. అతను అరుగు మీద ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి.

"ఇదుగో, తాగు" అంది.

దానయ్య గళాసు అందుకున్నాడు. రెండు చేతులతో పట్టుకున్నా ఒలికింది. వాసన చూశాడు. ఆమె మొహం చూశాడు. ఒక గుక్క నోట్లో పోసుకుని, మింగకుండా అట్టే పెట్టుకుని, పక్కకి ఉమ్మేశాడు. తిట్టలేదు. పసిపిల్లతో మాట్లాడినట్టు మెత్తగా అన్నాడు.

"బాగానే కలిపావక్కా. ఆ మంటే. ఆ వాసనే. మంగళవారం నువ్వు చెప్పకపోతే తాగి మూతి తుడుచుకునేవాణ్ణి."

గళాసు ఆమె చేతికిచ్చేసి, మొలలోంచి సీసా తీశాడు. పళ్ళతో బిరడా పీకాడు. పోయిన వారం కుట్టు ముడి బిగించిన పళ్ళే అవి. ఇంట్లో జయకుమారి పొయ్యి ఊదుతున్న చప్పుడు ఆగిపోయింది. మళ్ళీ మొదలైంది.

ఆదివారం పొద్దున్నే మందిరం గంట మోగింది. ఎలీసమ్మ తల దువ్వుకుంది. తెల్లచీర కట్టుకుంది. పల్లెలో ప్రతి ఆడమనిషీ ఎసట్లో పోసేముందు దేవుడికని పిడికెడు బియ్యం తీసి కుండలో వేస్తుంది. ఆదివారం ఆ కుండ మందిరానికి పోతుంది. ఎలీసమ్మ తన కుండ చంకన పెట్టుకుని బయల్దేరింది.

దారి రెండుగా చీలే చోట నిలబడింది. మందిరంలో అప్పుడే పాట ఎత్తుకున్నారు. ఎత్తుగా ఎత్తుకున్నారు, పై చరణానికి గొంతులు అందవు. ఆ పాట ఎత్తుకునేది ఎప్పుడూ తనే.

ఆమె రెండో దారిన నడిచి మౌలాబీ పాకకి వచ్చింది. తలుపు తీసే ఉంది. రోలు లేదు, రత్తయ్యగారి మనిషి పట్టుకుపోయాడు. చెల్లాచెదురైన పత్తిగింజల్ని కోళ్ళు మంగళవారం నుంచీ ముక్కుతో పొడిచి చూసి వదిలేసినట్టున్నాయి. ఆమెని చూసి నాలుగూ పరిగెత్తుకొచ్చాయి. నల్లపెట్ట మూల గంపలో గుడ్ల మీదే కూర్చుని, మెడ రిక్కించి చూసింది, లేవలేదు.

ఎలీసమ్మ గొంతుక్కూర్చుంది. కుండలో చెయ్యి పెట్టింది. దేవుడి బియ్యం పిడికెడు తీసి వాకిట్లో చల్లింది. ఇంకో పిడికెడు తీసి, నల్లపెట్టని లేపకుండా, గంప దగ్గరగా వేసింది.